పంచవటికి మళ్ళీ: ఉత్తరరామచరితంలో రెండు ప్రయాణాలు

పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచిన దంపతులకు తమ తొలినాళ్ళ కాపురం సాగిన చోటికి ఒకసారి వెళ్ళిరావాలనిపించడం సహజం. ఆ ఏటిగట్టు, ఆ చెట్టునీడ మళ్ళీ కనిపిస్తే అప్పటి మనసులు కూడా తిరిగి దొరుకుతాయన్న ఆశ ఆ కోరిక వెనక ఉంటుంది. ఈ ఆశను భవభూతి తన ఉత్తరరామచరితంలో చాలా కఠినంగా పరీక్షించాడు. ఈ నాటకంలో సీతారాములు అడవికి తిరిగి వెళ్ళాలనుకోవడం ఒకసారి, వెళ్ళడం మరొకసారి జరుగుతాయి. మొదటిది వాళ్ళను విడదీస్తుంది. రెండోది కలుపుతుంది, అయితే పూర్తిగా కలపదు. ఆ మిగిలిన వెలితి ఏమిటన్నదే ఈ నాటకాన్ని నేటికీ చదివించే ప్రశ్న.

భవభూతి 8వ శతాబ్దపు కవి. కనౌజును ఏలిన యశోవర్మ ఆస్థానంలో ఉన్నవాడని కల్హణుడి రాజతరంగిణి చెబుతుంది. తమది దక్షిణాపథంలోని పద్మపురమని, కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖకు చెందిన కుటుంబమని ఆయన తన నాటకాల ప్రస్తావనల్లో చెప్పుకున్నాడు. మహావీరచరితం, మాలతీమాధవం ఆయన మిగతా రెండు నాటకాలు. ఉత్తరరామచరితంలో ఏడు అంకాలు. తెలుగువారిలో చాలామందికి ఈ కథ 1963 నాటి ‘లవకుశ’ చిత్రం ద్వారా పరిచయం. అందులో, వాల్మీకి ఉత్తరకాండలో లాగే, సీత చివరకు భూమిలోకి వెళ్ళిపోతుంది. భవభూతి ఆ ముగింపును మార్చాడు. సంస్కృత నాటకం సుఖాంతం కావాలన్న సంప్రదాయం వల్లనే మార్చాడని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ ముగింపుకు చేరడానికి ఆయన ఎంచుకున్న దారి సంప్రదాయం ఇచ్చినది కాదు.

అడిగిన ప్రయాణం

మొదటి అంకం పేరు చిత్రదర్శనం. పట్టాభిషేకం సందడి ముగిసి ఇల్లు బోసిపోయి ఉంది. జనకుడు మిథిలకు వెళ్ళిపోయాడు. రాజమాతలు, వసిష్ఠుడు, అరుంధతి ఋష్యశృంగుడి యాగానికి వెళ్ళారు. ఆ యాగం 12 ఏళ్ళపాటు సాగేది. నిండు చూలాలైన సీత దిగులుగా ఉంది. ఆమె మనసు మళ్ళించడానికి, చిత్రకారుడు తమ పూర్వచరిత్రనంతా బొమ్మలుగా గీశాడని లక్ష్మణుడు వచ్చి చెబుతాడు. ముగ్గురూ చూడడానికి వెళతారు.

ఈ సన్నివేశాన్ని సాధారణంగా స్మృతిమాధుర్యానికి ఉదాహరణగా మెచ్చుకుంటారు. మాధుర్యం ఉంది. మిథిలలో పెళ్ళి, గంగ ఒడ్డు, యమునాతీరపు మర్రి, గోదావరి దగ్గరి ప్రస్రవణగిరి, అక్కడ గడిపిన రాత్రులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అయితే చూసిన వాటితో పాటు దాటవేసిన వాటిని కూడా గమనించాలి. మంథర బొమ్మ దగ్గర రాముడు ఆగకుండా ముందుకు సాగుతాడు. బొమ్మలు ఎంతవరకు వచ్చాయని అడిగితే సీత అగ్నిశుద్ధి దాకా అని లక్ష్మణుడు అంటాడు. పుట్టుకతోనే పవిత్రురాలైన ఈమెకు వేరే శుద్ధి ఎందుకని రాముడు నొచ్చుకుంటాడు. అప్పుడు సీత ఆ సంగతి పోనిమ్మని, బొమ్మలు చూద్దాం రమ్మని మాట మారుస్తుంది. లంకలో జరిగిన అవమానం గురించి ఆ దంపతుల మధ్య నాటకంలో నడిచిన సంభాషణ అంతే. ఇద్దరికీ ఒకరిపై ఒకరికి ప్రేమ ఉంది. చేదు విషయం మాట్లాడుకునే అలవాటు మాత్రం లేదు.

బొమ్మలు చూసి అలసిన సీతకు ఒక కోరిక పుడుతుంది. ప్రశాంతమైన ఆ అడవుల్లో మళ్ళీ తిరగాలి, భాగీరథిలో మునగాలి. వాల్మీకంలోనూ సీత గంగాతీరపు ఆశ్రమాలు చూడాలని కోరుతుంది. భవభూతి దానికి రెండు చేర్చాడు. కోరిక బొమ్మల్లోంచి, అంటే గడిచిన దాంపత్యపు జ్ఞాపకంలోంచి పుట్టింది. పైగా సీత, మీరు కూడా రావాలని భర్తను అడుగుతుంది. అది వేరే చెప్పాలా అని రాముడు ముద్దుగా కసురుకుంటాడు. రథం సిద్ధం చేయమని లక్ష్మణుడిని పంపుతాడు. ఆమె అతని చేయి తలగడగా నిద్రపోతుంది.

అప్పుడే దుర్ముఖుడు జనాపవాదాన్ని మోసుకొస్తాడు. ప్రజారంజన కోసం అవసరమైతే జానకినైనా వదులుకుంటానని కాసేపటి క్రితమే వసిష్ఠుడి సందేశానికి జవాబుగా చెప్పిన రాముడు ఆ మాటకు కట్టుబడతాడు. విహారం కోసం తెప్పించిన రథమే ఆమెను అడవిలో వదిలిరావడానికి పనికొస్తుంది. నిద్రపోతున్న భార్య పాదాలకు తల ఆనించి ఏడ్చి అతను వెళ్ళిపోతాడు. మెలకువ వచ్చిన సీత, తనను ఒంటరిగా వదిలి వెళ్ళినందుకు అలగాలనుకుంటుంది. కంటబడితే ఆ అలక నిలబడాలి గదా అని కూడా అనుకుంటుంది. తర్వాత రథమెక్కుతుంది.

ఈ నాటకంలోని అన్యాయం పూర్తి స్వరూపం ఇదే. శిక్ష వేయడం ఒక ఎత్తు. ఆమె ప్రేమతో అడిగిన ప్రయాణాన్నే శిక్షకు సాకుగా వాడుకోవడం మరో ఎత్తు. తన భర్త ఎంత ఏడ్చాడో ఆమెకు తెలియదు. అతను చెప్పుకున్న నిజమంతా నిద్రపోతున్న మనిషికి చెప్పుకున్నదే.

అడగని ప్రయాణం

రెండో ప్రయాణం 12 ఏళ్ళ తర్వాతిది. అంతకు ముందటి వనవాసపు 14 ఏళ్ళు కూడా కలుపుకుంటే, పాతికేళ్ళు దాటిన దాంపత్యం. అందులో దాదాపు సగం కాలం ఒకరి ముఖం ఒకరు చూడకుండా గడిచింది. రాముడి ఉద్దేశంలో సీతను ఎప్పుడో క్రూరమృగాలు తినేశాయి. సీత గంగాదేవి, భూదేవుల సంరక్షణలో పాతాళంలో ఉంది. ఆమె కన్న కవలలు వాల్మీకి ఆశ్రమంలో పెరుగుతున్నారు.

రాముడు పంచవటికి సీతను తలచుకుంటూ బయలుదేరి రాలేదు. శంబూకుణ్ణి చంపడానికి వచ్చాడు. శూద్రుడు తపస్సు చేస్తున్నందువల్ల ఒక బ్రాహ్మణ బాలుడు మరణించాడన్న ఫిర్యాదు ఆ ప్రయాణానికి కారణం. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ నాటకం వచ్చిన తర్వాత తెలుగు పాఠకులెవరూ ఈ ఘట్టాన్ని ప్రశ్నించకుండా దాటిపోలేరు. భవభూతి ఇక్కడ తప్పించుకున్నాడనే చెప్పాలి. చనిపోయిన శంబూకుడు దివ్యరూపంతో లేచి, చంపినవాడికే కృతజ్ఞత చెప్పి, దారి చూపిస్తాడు. హత్యను అనుగ్రహంగా మార్చే ఈ ఏర్పాటు కవికి సౌకర్యంగా ఉందే తప్ప నమ్మదగినట్టు లేదు.

అయినా అదే ఘట్టంలో భవభూతి ఒక నిజాన్ని దాచలేదు. కత్తి ఎత్తే ముందు రాముడు తన కుడిచేతిని ఉద్దేశించి మాట్లాడతాడు. గర్భిణి సీతను వెళ్ళగొట్టిన రాముడి చేతికి దయ ఎక్కడిదని దాన్ని హెచ్చరిస్తాడు. అంటే ఈ రెండు పనులూ ఒకే చేతివని అతనికే తెలుసు. రాజధర్మం పేరుతో బలహీనుల మీద జరిగినవి రెండూ. ఈ స్పృహతో అడవిలోకి అడుగుపెట్టిన మనిషికి పంచవటి ఎదురవుతుంది.

సీత రాకకు కారణం గంగాదేవి పన్నిన ఉపాయం. కుశలవులకు నేటితో పన్నెండేళ్ళు నిండుతున్నాయి, నీ చేతులతో కోసిన పూలతో సూర్యుణ్ణి పూజించమని చెప్పి ఆమెను గోదావరి తీరానికి పంపుతుంది. తన ప్రభావం వల్ల వనదేవతలకు కూడా ఆమె కనిపించదని వరమిస్తుంది. తోడుగా తమసానది వస్తుంది. రాముణ్ణి కనిపెట్టి ఉండమని లోపాముద్ర అప్పటికే మురళానది ద్వారా గోదావరికి కబురంపింది. ఈ మాయాప్రయాణాన్ని ఏర్పాటు చేసినవారందరూ స్త్రీలే. పురుషుల లోకంలో జరిగిన తప్పును సరిదిద్దే పనికి నదులు, ఒక ఋషిపత్ని పూనుకున్నారు.

కనిపించని భార్య

మూడో అంకానికి ఛాయ అని పేరు. ఇందులోని మాయకు ఒకే నియమం: ఆమె చూడగలదు, అతను చూడలేడు. ఈ నియమాన్ని మొదటి అంకం పక్కన పెట్టి చూస్తే దాని ఉద్దేశం తెలుస్తుంది. అప్పుడు ఆమె నిద్రలో ఉండగా అతను మాట్లాడాడు. ఇప్పుడు అతనికి తెలియకుండా ఆమె వింటోంది. భార్య ముందు చెప్పే పశ్చాత్తాపంలో ఆమెను తిరిగి పొందాలన్న ఆశ కలిసి ఉంటుంది. అది నిజమైనదే అయినా విన్నవారికి అనుమానం పోదు. ఇక రాలేదనుకున్న మనిషి కోసం ఏడ్చే ఏడుపులో లాభం ఏమీ లేదు. సీతకు కావలసింది ఆ రెండో రకం సాక్ష్యం. మాయ ఆమెకు యౌవనాన్ని తిరిగి ఇవ్వలేదు. వినే అవకాశం ఇచ్చింది.

విన్నంత మాత్రాన ఆమె కరిగిపోదు. అతను ప్రియా జానకీ అని పిలవగానే, జరిగినదానికి ఆ పిలుపు తగదని ఆమె గొంతు కోపంతో గద్గదమవుతుంది. వెంటనే, మరో జన్మలోనైనా దొరుకుతాడో లేదో తెలియని మనిషి మీద తాను కఠినంగా ఉండలేనని తనను తాను సర్దుకుంటుంది. నిరాశ, అలుక, నివ్వెరపాటు, జాలి, ప్రేమ అన్నీ ఒకే క్షణంలో ఆమె ముఖంలో కలగలిసి ఉన్నాయని తమస గమనిస్తుంది. చాలాకాలం తర్వాత ఎదురుపడిన దంపతుల మనఃస్థితిని ఇంత పొందికగా చెప్పిన చోట్లు అరుదు.

అతను మూర్ఛపోతాడు. నీవే బతికించుకోమని తమస అంటుంది. ఆమె చేయి తగలగానే అతనికి తెలివి వస్తుంది. ఆ స్పర్శను అతను గుర్తుపడతాడు. ఆమె శరీరం కూడా గుర్తుపడుతుంది. చెమట, వణుకు, పులకింత దాచుకోలేని సీత తమస ముందు సిగ్గుపడుతుంది. వదిలేయబడిన తీరు ఒకటి, ఈ మమకారం ఒకటి, ఈమె ఏమనుకుంటుందో అని ఆమె బాధ. తనను అవమానించిన మనిషిని ఇంకా ప్రేమిస్తున్నందుకు కలిగే ఈ సిగ్గు అంకం మొత్తంలో అత్యంత సత్యమైన క్షణం. ఆమె ప్రేమను ఆదర్శంగా ఎత్తిపట్టి చూపించడం కవికి ఇష్టం లేదు. అది ఆమెకే ఇబ్బంది కలిగిస్తున్నట్టు చూపించాడు.

వాసంతి నిలదీత

కన్నీళ్ళతోనే పని జరిగితే ఈ అంకానికి వాసంతి అవసరం లేదు. ఆమె వనదేవత, సీత నెచ్చెలి. సీతను వదిలేసిన సంగతి ఆత్రేయి ద్వారా విన్నది. ఆమె రాముణ్ణి మహారాజా అని సంబోధించి, లక్ష్మణుడి క్షేమం మాత్రమే అడుగుతుంది. ఆ సంబోధనలో స్నేహం లేదని, అడగని పేరులోనే అసలు ప్రశ్న ఉందని రాముడు గ్రహిస్తాడు. పక్కనే ఉన్న సీతకు అది కఠినంగా తోస్తుంది.

వాసంతి అతనికి పాత గుర్తులన్నీ చూపిస్తుంది. సీత పెంచిన ఏనుగు గున్న ఇప్పుడు జతను వెంటబెట్టుకుని తిరిగే మదగజం. ఆమె ఆడించిన నెమలి, లేళ్ళకు గడ్డి పెడుతూ కూర్చున్న రాతిపలక, అన్నీ అక్కడే ఉన్నాయి. చిత్రదర్శనంలో బొమ్మలుగా చూసినవి ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి. అప్పుడు లక్ష్మణుడు వినోదం కోసం చూపించాడు. ఇప్పుడు వాసంతి నిలదీయడానికి చూపిస్తోంది. ఆ తర్వాత ఆమె అసలు ప్రశ్న వేస్తుంది: నువ్వే నా ప్రాణమని నమ్మించి ఎందుకిలా చేశావని. వాక్యం పూర్తి చేయలేక మధ్యలోనే ఆగిపోతుంది. లోకం సహించదని రాముడి జవాబు. భార్యను అడవిపాలు చేయడం కంటే అపకీర్తి ఇంకేముందని ఆమె ఎదురు ప్రశ్న. దానికి అతని దగ్గర జవాబు లేదు. ఏడుపు మాత్రమే ఉంది.

ఇక్కడ ఒక లోపం చెప్పుకోవాలి. రాముడి మూర్ఛలు, విలాపాలు ఈ అంకంలో హద్దు మీరాయి. ప్రశ్న పదునెక్కిన ప్రతిసారీ అతను సొమ్మసిల్లడం వల్ల విచారణ పరామర్శగా మారిపోతుంది. అడిగిన వాసంతే అతణ్ణి ఊరడించవలసి వస్తుంది. తప్పు చేసినవాడి దుఃఖం ఎదుటివారి ప్రశ్నను నోరెత్తకుండా చేయడం ఇళ్ళలో జరిగేదే. భవభూతి దాన్ని ఎరిగి చూపించాడా, తానే ఆ దుఃఖానికి లొంగిపోయాడా అన్నది తేల్చడం కష్టం. సీత తరఫున మరొకరు అడగవలసి రావడం, సీత తానుగా ఎప్పుడూ అడగకపోవడం కూడా ఆ కాలపు హద్దే.

అంకం చివర రాముడు అశ్వమేధం మాట ఎత్తుతాడు. యజ్ఞానికి సహధర్మచారిణి కావాలి. ఆ మాట వినగానే సీత ఉలిక్కిపడుతుంది. ఆ స్థానంలో ఉన్నది సీత బంగారు ప్రతిమేనని తెలిశాక, పరిత్యాగమనే సిగ్గుముల్లును ఆర్యపుత్రుడు తన గుండెలోంచి పెరికివేశాడని అనుకుంటుంది. ఆమెను ఇంతకాలం పొడుస్తున్నది ఎడబాటు ఒక్కటే కాదని, తన చోటు మరొకరికి ఇచ్చారేమోనన్న సందేహం కూడా అని అప్పుడు తెలుస్తుంది.

ఏకాంతం చాలదు

ముల్లు పోయింది. ప్రేమ నిలిచే ఉందని ఇద్దరికీ తెలిసింది. కథ ఇక్కడే ముగియవచ్చు. కాని సీత పాతాళానికి, రాముడు పుష్పకంలో అయోధ్యకు విడివిడిగా వెళ్ళిపోతారు. ఆలంకారికుల పరిభాషలో చూస్తే, భార్య చనిపోయిందని నమ్మిన రాముడిది కరుణం. భర్త బతికే ఉన్నాడని తెలిసిన సీతది విప్రలంభం వైపు మొగ్గుతుంది. ఒకే రంగస్థలం మీద, ఒకే చోట నిలబడి, వాళ్ళు రెండు వేర్వేరు రసాల్లో ఉన్నారు. అన్నీ కరుణ రూపాలేనని తమస చివర సమన్వయం చేస్తుంది. కాని ఆ భేదాన్ని మాటలతో చెరపలేరు.

కారణం స్పష్టం. సీతకు అన్యాయం జరిగింది నలుగురి మధ్య. రాముడి పశ్చాత్తాపమంతా ఏకాంతంలో సాగింది: మొదట నిద్రపోతున్న భార్య ముందు, తర్వాత అడవిలో. ఊరందరి ముందు పోయిన గౌరవం అడవిలో కార్చిన కన్నీళ్ళతో తిరిగిరాదు. మాయాప్రయాణం ప్రేమను లేపగలదు. స్థానాన్ని తిరిగి ఇవ్వలేదు. అందుకే భవభూతి ఇంకా నాలుగు అంకాలు రాశాడు. నాలుగో అంకంలో జనకుడి కోపం బయటపడుతుంది. కన్నతండ్రిగా అతను రాముణ్ణీ, అపవాదు వేసిన పౌరులనూ క్షమించలేడు.

ఏడో అంకం పేరు సమ్మేళనం. గంగ ఒడ్డున దేవతలు, రాజులు, పౌరులు, జానపదులు కూర్చుని ఉండగా, వాల్మీకి రాసిన నాటకాన్ని అప్సరసలు ప్రదర్శిస్తారు. అందులో సీత కష్టం, ప్రసవం అందరి కళ్ళముందూ జరుగుతాయి. ఇంతకాలం రాముడు ఒక్కడే మోసిన జ్ఞాపకాన్ని ఇప్పుడు అపవాదు వేసినవారు కూడా చూడవలసి వచ్చింది. ఆ తర్వాత అరుంధతి అసలు సీతను సభలోకి తెచ్చి, పౌరులనే సూటిగా అడుగుతుంది. వాళ్ళు తలవంచి నమస్కరిస్తారు. మొదటి అంకంలో పెద్దలు ఊళ్ళో లేనప్పుడు జరిగిన తప్పును పెద్దలందరి సమక్షంలో సరిదిద్దుతారు. అక్కడ గోడమీది బొమ్మలు, మధ్యలో అడవిలోని ఆనవాళ్ళు, ఇక్కడ నాటకం. జ్ఞాపకం ఇంటి నుంచి సభకు చేరింది.

మిగిలిన సందేహం

ఇది సరిపోతుందా? ఆధునిక తెలుగు సాహిత్యం సరిపోదనే అంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలను కలుసుకుంటూ తనను తాను తెలుసుకునే దారిలో నడుస్తుంది. ఆ సీతకు రాముడి పక్కన చోటు తిరిగి దక్కడం గమ్యం కాదు. భవభూతి సీతకు అదే గమ్యం. ఈ తేడాను దాచి, 8వ శతాబ్దపు కవిని నేటి వాదాలకు తోడు తెచ్చుకోవడం నిజాయితీ కాదు. శంబూకుడికి ఏ సభలోనూ క్షమాపణ దొరకలేదన్నది కూడా గుర్తుంచుకోవలసిందే. రాణికి జరిగిన అన్యాయానికి లోకమంతా సాక్షిగా కూర్చుంది. తపస్వికి జరిగినదానికి ఒక్క సాక్షీ లేడు.

అయితే భవభూతి తన పరిధిలో ఒక విషయాన్ని తేల్చి చెప్పాడు. పాత చోటుకు తిరిగి వెళ్ళడం వల్ల పాత ప్రేమ దానంతటది రాదు. ఒకప్పుడు దాటవేసిన మాట అక్కడే కాచుకుని ఉంటుంది. దాన్ని ఒకరు అడగాలి, ఒకరు తప్పించుకోకుండా వినాలి, నలుగురి ముందు పోయినదాన్ని నలుగురి ముందే తిరిగి ఇవ్వాలి. ఇంత చేసినా ఒక అనుమానం మిగులుతుంది. చివరి అంకంలో, భార్యను స్వీకరించమని అరుంధతి రాముడికి చెప్పినప్పుడు, సీత దుఃఖాన్ని తుడవడం ఆర్యపుత్రుడికి తెలుసా అని ఆమె తనలో తాను అనుకుంటుంది. ఆ మాట సభలో ఎవరికీ వినపడదు. రాముడికీ వినపడదు. ప్రేక్షకులకు మాత్రమే వినపడేలా కవి దాన్ని సుఖాంతం మధ్యలో ఉంచాడు.